నలభై అడుగులు

చిన్నవంకపల్లె,
జమ్మలమడుగు తాలూకా.
21 జనవరి 1996.

చెల్లెలు రత్నమణికి అన్న పాలయ్య వ్రాయు జాబు.

నువ్వు పంపిన కార్డు అందింది. ఆత్మలో ఎదగడానికి ఇరవై ఒక్క రోజులు ఏ రోజు ఏమని ప్రార్థించాలో వరసగా రాసి పంపావు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మిషను బడిలో నీకు ఎనిమిదో తరగతి దాకా వచ్చింది, నాకు ఐదుతో సరిపోయింది. ఆ తేడా చేతిరాతలో కనపడుతుంది.

నేను మొదటి రోజు దగ్గరే ఆగిపోయాను. దాచిన పాపం ఒప్పుకోవాలని ఉంది అక్కడ. మోకాళ్ళ మీద కూర్చుంటాను. నోరు రాదు. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి గనికి పోయి నాపరాయి కొట్టుకుంటాను.

గుడిలో బల్లారాధనప్పుడు ప్రభువు రొట్టె పళ్ళెం నా దగ్గరికి వస్తే ముట్టకుండా పక్కవాడికి ఇచ్చేస్తున్నాను. ఆరు నెలలుగా ఇంతే. పాస్టరు అయ్యగారు చూసి, "ఏం పాలయ్యా, బల్ల ఇడిసిపెడతాండావు" అన్నాడు. పంటినొప్పి అన్నాను. గోరంత రొట్టె ముక్కకు పంటినొప్పి అడ్డమా. ఆయన తల ఊపి పోయాడు.

పోయిన వారం పరిశుద్ధ జీవితం మీద ప్రసంగం చేశాడు. బీడీ తాగరాదట. సినిమాకు పోరాదట. గండిలో తిరునాళ్ళకు పోయి బొరుగులు కొనుక్కొని తినరాదట. ఈ ఊళ్ళో పాపమంటే బొరుగులేనా అని లేచి అడుగుదామన్నంత కోపం వచ్చింది. లేవలేదు. నేనెప్పుడు లేచాను కనుక.

నా కోసం ప్రార్థన చెయ్యి. ఎందుకని అడగవద్దు.

పాలయ్య.


పులివెందుల,
2 ఫిబ్రవరి 1996.

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన పెద్దన్నకు, చెల్లెలు రత్నమణి హృదయపూర్వకమైన వందనములు.

నీ జాబు చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాను. అన్నా, ఎందుకని అడగవద్దంటే ఎట్లా? నేను ముప్పై ఏళ్ళుగా బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగినదాన్ని. గురి చూడకుండా విసిరిన రాయి పిట్టకు తగలదు. పేరు పెట్టి అడగని ప్రార్థన కూడా అంతే. మూట విప్పకుండా ప్రభువు చేతిలో పెట్టి, లోపలేముందో నువ్వే చూసుకో అంటామా?

మా ఇంట్లో ప్రతి శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన జరుగుతున్నది. ఎంతమంది భారాలు అక్కడ దిగాయో నేను కళ్ళారా చూశాను. హిందూ ఆడవాళ్ళు కూడా వస్తారు. మొగుళ్ళ తాగుడు కోసం, బిడ్డల చదువుల కోసం.

నీ మనసులో ఉన్నది దాచకుండా రాయి. వదిన ఉంటే ఆమెకు చెప్పుకునేవాడివి. ఆమె పోయిన తర్వాత నీకు నేను తప్ప ఎవరున్నారు? దాచినంత కాలం ఎదుగుదల ఉండదన్నా. ప్రభువు నిన్ను మాట్లాడించును గాక.

నీ చెల్లెలు,
రత్నమణి.


చిన్నవంకపల్లె,
18 ఫిబ్రవరి 1996.

రత్నమణికి,

అడిగావు గనుక రాస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

పోయిన జూలైలో మన సంఘం సామ్యూల్‌ను చంపారు, నీకు తెలుసు. సర్పంచి ఎలక్షన్ అయిన మూడో వారం. ఎలక్షన్ రోజు ఊరిని ఏలే మిట్టింటి వాళ్ళు బూతులో దూరి అందరి ఓట్లూ వాళ్ళే గుద్దుకుంటుంటే సామ్యూల్ ఒక్కడు అడ్డం నిలబడ్డాడు. "నా ఓటు నేను గుద్దుకుంటా. నాకు చేతుల్లేవా" అన్నాడు. వరసలో ఉన్న మేమంతా నవ్వాము. ఆ నవ్వుకే వాడు పోయాడని నాకు అనిపిస్తుంది. మిట్టింటి ఆయనను చూసి ఈ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు పొద్దున నేను గనిలో పేర్చిన రాళ్ళ కుప్ప వెనక కూర్చొని సంగటి తింటున్నాను. ఊరుబిండి నంజుకుంటున్నాను. సామ్యూల్ అవతల రాయి పగలదీస్తున్నాడు. జీపు వచ్చింది. డ్రైవరు, ఇంకొకడు కొడవళ్ళతో దిగారు. మిట్టింటి ఆయన దిగలేదు. ముందు సీట్లో కూర్చొని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "నోటి మీద పెట్టండ్రా. వానికి మాటలెక్కువ" అన్నాడు. కాఫీ తెమ్మన్నట్టు చెప్పాడు.

సామ్యూల్ ఒక్కసారి "మామా" అని పిలిచాడు. నన్ను చూసి పిలిచాడో, ఊరికే పిలిచాడో తెలియదు. నేను ముద్ద చేతిలో పట్టుకొని అట్లే కూర్చున్నాను.

ఇది సగం. పోలీసులు కమాల్ బాషాను పట్టుకుపోయారు. ప్రొద్దుటూరికి రాళ్ళు తోలే లారీ డ్రైవరు. వారం ముందు లారీ వెనక్కి తీసేటప్పుడు సామ్యూల్‌కూ అతనికీ మాటామాటా అయింది. అది చాలింది వాళ్ళకు. ఇప్పుడు కడప జైల్లో ఉన్నాడు. జామీను నిలబడేవాళ్ళు లేరు. సామ్యూల్ పెళ్ళాం యేసమ్మ కూడా అతనే చంపాడని నమ్ముతోంది. కొళాయి దగ్గర కమాల్ బాషా భార్య జైబున్నీసా బిందె పెడితే యేసమ్మ కాలితో తన్నేస్తుంది. ఆ పిల్ల దొర్లిన బిందె తీసుకొని పోతుంది. నేను రోజూ ఆ దారినే పోతాను. చూస్తాను. పోతాను.

ఇదీ నా మూట. పరిశుద్ధంగా బ్రతకడానికి ఏ రోజు ఏమని అడగాలో ఇప్పుడు రాసి పంపు.

పాలయ్య.


పులివెందుల,
2 మార్చి 1996.

ప్రియమైన అన్నకు ప్రభువు పేరట సమాధానము.

నీ జాబు చదివిన రోజు నేను అన్నం ముట్టలేదు. నిన్న శుక్రవారం నీ భారం ప్రభువు సన్నిధిలో పెట్టి ఇరవై ముగ్గురం కన్నీటితో ప్రార్థించాము. సామ్యూల్ భార్య కోసం, జైలులో ఉన్న ఆ మనిషి కోసం, చంపించిన ఆ పెద్దమనిషి మారుమనస్సు కోసం కూడా పేరు పెట్టి అడిగాము. గదంతా ఆత్మతో నిండిపోయింది. ఇట్లాంటి ప్రార్థన ఈ మధ్య కాలంలో జరగలేదని అందరూ అన్నారు.

నువ్వు తొందరపడవద్దు. ముందు ఆత్మలో బలపడు. మిగిలినది ప్రభువే చూపిస్తాడు.

రత్నమణి.


చిన్నవంకపల్లె,
17 మార్చి 1996.

రత్నమణీ,

ఇరవై ముగ్గురా?

పొయ్యిలో వెయ్యమన్నాను. నువ్వు చదివి వినిపించావు.

మంగళవారం పొద్దున జీపు గనికి వచ్చింది. ఈసారి మిట్టింటి ఆయన దిగాడు. నా సద్ది టిఫిను మూత తీసి చూశాడు. "ఏం పాలయ్య మామా, ఈ పొద్దు ఊరుబిండి ల్యా? ఆ పొద్దు తెచ్చుకుంటివంట గదా" అన్నాడు. ఊరుబిండి సంగతి ఈ లోకంలో నీకు తప్ప నేను ఎవరికీ రాయలేదు.

"మీ చెల్లెలు నాకోసరం ప్రార్థన చేస్తాందంట. శానా సంతోషం. నువ్వూ చెయ్యి మామా. నోరు తెరవకుండా చెయ్యి. దేవునికి మనసులో చెప్పుకున్యా ఇనపడతాదంట గదా" అన్నాడు.

పక్కనున్న వాళ్ళు నవ్వారు. తర్వాత సమ్మెట తీసుకొని నేను కోసి పేర్చిన బండలన్నీ పగలగొట్టారు. రెండు నెలల పని. ఒక్కొక్క బండ పగిలినప్పుడల్లా డ్రైవరు నా మొహం చూస్తున్నాడు. పోతూ వాడే, "ఈ పొద్దు రాయి. రేపు రాయి కొట్టేటోడు" అన్నాడు.

మర్నాడు అయ్యగారు ఇంటికి వచ్చాడు. మా ఇంటికి ఆయన వచ్చి మూడేళ్ళయింది. చాప వేస్తే కూర్చున్నాడు. "క్షమించినోడే ఎదిగినోడు పాలయ్యా. నువ్వు కోర్టూ గీర్టూ అంటే సంఘానికి నెమ్మది ఉండదు" అన్నాడు. గుడికి కొత్త కప్పు మిట్టింటి ఆయన వేయిస్తానన్నాడని కూడా చెప్పాడు. అది వేరే సంగతి అన్నాడు.

"చచ్చింది సామ్యూలు. క్షమిస్తే యేసమ్మ క్షమించాల. నేనెవురు సామీ" అన్నాను. "మరి కమాల్ బాషా సంగతేంది" అన్నాను.

"వాడు మన సంఘం కాదు గదా."

చెల్లీ, అరవై ఆరేళ్ళలో నేను ఒక అయ్యగారిని ఇంట్లో నుంచి లెయ్యమనడం ఇదే మొదలు. నోటితో అనలేదు. ఆయన కూర్చున్న చాప అంచు పట్టుకొని చుట్టడం మొదలుపెట్టాను. ఆయనే లేచాడు.

నీ మీద నాకున్న కోపం రాయడానికి ఈ ఇన్లాండు చాలదు. నువ్వు నా పాపం అడిగావు. ఇచ్చాను. దాన్ని తీసుకుపోయి ఇరవై ముగ్గురి మధ్య పెట్టి గది నిండిందని సంబరపడ్డావు. నిండింది నీ గది. ఖాళీ అయింది నా గని.

పాలయ్య.


పులివెందుల,
29 మార్చి 1996.

అన్నకు రత్నమణి వ్రాయునది.

నువ్వు కోర్టు విషయములో కలుగజేసుకోవద్దు. నీకు వయసు అయిపోయినది. చూపు సరిగా లేదు. దూరము నుండి నీవు ఎవరిని చూసినావో నీకే తెలియదు. ఊరు విడిచి వెంటనే పులివెందులకు రావలెను. ఇక్కడ నీకు ఏ లోటు ఉండదు. రాకపోతే జరుగు దానికి ఎవరూ బాధ్యులు కారు.

రత్నమణి.


చిన్నవంకపల్లె,
14 ఏప్రిల్ 1996.

రత్నమణికి,

నీ జాబు మూడుసార్లు చదివాను. నా చూపు బాగానే ఉంది. అందులో ప్రభువు పేరు ఎక్కడా లేదు. నలభై ఏళ్ళుగా నువ్వు నాకు రాసిన జాబులన్నీ ఆయన పేరుతోనే మొదలవుతాయి. ఇది నీ చేతిరాత, నీ మాట కాదు. ఏం జరిగిందో నువ్వు చెప్పేదాకా అడగను. కోపం మాత్రం తగ్గలేదు.

నేను రాను.

నిన్న జైబున్నీసా ఇంటికి పోయాను. వాకిట్లోనే నిలబడి చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని భయం. అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"తొమ్మిది నెలలు మామా. నీ నోట్లో ఏముండె తొమ్మిది నెలలు" అంది.

నా జవాబు కోసం ఆగలేదు.

"కొళాయికాడ నా బిందె తన్నినప్పుడల్లా నువ్వు రోడ్డు మీదనే ఉంటివి. ముసిలోడు, మెత్తనోడు, ఏమనలేక పోతాండాడులే అనుకుంటి. నేను నీ మీద జాలిపడితిని మామా. నీ మీద."

తర్వాత లోపలికి పోయి ప్రొద్దుటూరులో వాళ్ళ ప్లీడరు రామమూర్తి గారి అడ్రసు ఉన్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "పో. ఈడ నిలబడొద్దు. ఆడికి పో" అని తలుపు వేసుకుంది.

ఈ రోజు ఆదివారం. గుడి మానేసి బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి వచ్చాను. రామమూర్తి గారు పూజ ముగించుకొని పంచె మీదనే వచ్చి కూర్చున్నారు. ముద్దాయి తరఫు సాక్షిగా నన్ను పిలిపిస్తామన్నారు. "మాటలు తక్కువ మనిషిలా ఉన్నారు. సర్కారు వకీలు గుచ్చి గుచ్చి అడుగుతాడు. నిలబడగలరా" అని అడిగారు. తెలియదన్నాను. "నిలబడతానన్నవాళ్ళే ఎక్కువమంది మాట మార్చారు. మీరు తెలియదన్నారు, అది నయం" అన్నారు.

తొమ్మిది నెలలు పొద్దునే లేచి నన్ను పరిశుద్ధుణ్ణి చెయ్యమని దేవుణ్ణి అడగబోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ గంటలో ప్రొద్దుటూరు బస్సెక్కి ఉంటే సరిపోయేది. అది తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పాలయ్య.


పులివెందుల,
5 మే 1996.

అన్నా,

వందనాలు రాయడానికి నాకు మొహం లేదు.

ఆ జాబు నాది కాదు. మిట్టింటి ఆయన చిన్నకూతురిని ఈ ఊళ్ళోనే ఇచ్చారు. ఆమె మామగారింటి మనుషులు ఇద్దరు వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. టీ పెట్టమంటే పెట్టాను. వాళ్ళు చెప్పారు, నేను రాశాను. ఒకడు చదివి, "అక్షరం బాగుందమ్మా" అన్నాడు. నువ్వు నమ్మి వచ్చేస్తావేమోనని ఒక పక్క భయం. నమ్మి వచ్చేస్తే బాగుండునని ఒక పక్క ఆశ. రెండోదే ఎక్కువ. అది కూడా ఒప్పుకుంటున్నాను.

సంగతి బయటికి ఎట్లా పోయిందో తెలిసింది. ఆ కూతురింట్లో వంట చేసే ఇందిర మా శుక్రవారం కూడికకు వస్తుంది. నీ జాబు నేను చదివిన రోజు ఉంది. సాయంత్రం పనికి పోయి, "అమ్మా, మీ నాయన కోసరం కూడా ఈ పొద్దు ప్రార్థన చేసినాం. పేరు పెట్టి చేసినాం" అని సంతోషంగా చెప్పిందట. ఏమని చేశారని ఆమె అడిగింది. ఇందిర అంతా చెప్పింది. చెడ్డబుద్ధితో కాదు. అడిగితే, "మంచిదే కదా రత్నమ్మా, అందుకే చెప్పినా" అని నా మొహం చూసింది. ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. చదివింది నేను.

అన్నా, నేనెందుకు చదివానో కూడా చెప్పాలి. నీ కోసమే అనుకున్నాను. నిజం అది కాదు. అంత పెద్ద భారం ఆ గదిలో ఇంతవరకు ఎవరూ పెట్టలేదు. నా చేతిలో ఉంది. నేను పెట్టాను. వాళ్ళంతా ఏడుస్తుంటే నేను మంచి ప్రార్థనాపరురాలినని నాకు అనిపించింది.

మొన్న శుక్రవారం అందరి ముందు లేచి ఈ సంగతి చెప్పాను. వాళ్ళకు అర్థం కాలేదు. సగంమంది కళ్ళు మూసుకొని నా కోసం ప్రార్థన మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి ఇంటికి వాళ్ళను పొమ్మన్నాను. కూడిక ఆపేశాను.

నీ తేదీ తెలిస్తే రాయి. ప్రొద్దుటూరికి వస్తాను. రావద్దన్నా వస్తాను.

రత్నమణి.


చిన్నవంకపల్లె,
22 సెప్టెంబరు 1996.

చెల్లెలికి,

ప్రొద్దుటూరు కోర్టు నుంచి వచ్చేటప్పుడు బస్సులో నువ్వు అడిగితే చెప్పలేకపోయాను. నిన్ను వరండాలోనే ఆపేశారు గనుక లోపల జరిగింది నీకు వినపడలేదు. రాస్తున్నాను.

మిట్టింటి ఆయన వెనక వరసలో కూర్చొని ఉన్నాడు. కమాల్ బాషా బోనులో ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూడలేదు, గోడ చూస్తున్నాడు.

నేను చూసింది చెప్పాను. జీపులో కూర్చున్నది ఎవరో చెప్పమన్నారు. చెప్పాను. చూపించమన్నారు. చెయ్యి ఎత్తి చూపించాను. దించమనేదాకా దించలేదు.

సర్కారు వకీలు లేచాడు. ఏడాదికి పైన నోరు మూసుకున్నవాడివి ఇప్పుడెందుకు తెరిచావు అన్నాడు.

"అప్పుడు భయపడినాను సార్."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉండాది సార్."

"మరి?"

"కోపం ఎక్కువైంది సార్."

ఎవరి మీద అన్నాడు. "మొదట నా మీద" అన్నాను. అక్కడ ఎవరో నవ్వారు. జడ్జి గారు రాసుకునేది ఆపి నవ్వినవాడిని చూశారు. మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

బయటికి వచ్చేటప్పుడు మిట్టింటి ఆయన నా పక్కనే నడిచాడు. "మామా, నీకు మాటలు రావనుకుంటినే" అన్నాడు. అప్పుడే నువ్వు వచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. ఆయనను నువ్వు చూసిన చూపు నేను చూశాను. మన అమ్మ తర్వాత ఎవరి కళ్ళలోనూ అంత కోపం చూడలేదు. నీ మీద నా కోపం అక్కడ సగం పోయింది. సగం ఉంది.

పాలయ్య.


పులివెందుల,
27 అక్టోబరు 1996.

అన్నకు ప్రభువునందు వందనాలు.

కమాల్ బాషాను నిర్దోషి అని వదిలిపెట్టారని రామమూర్తి గారు కార్డు రాశారు. మిట్టింటి వాళ్ళ మీద మళ్ళీ విచారణ జరగవచ్చునని కూడా రాశారు. జాగ్రత్తగా ఉండు. ఒంటరిగా గనికి పోవద్దంటే నువ్వు వినవు.

ఒక్క మాట అడుగుతాను. కోపపడకు. ఇప్పుడు నీకు ప్రార్థన వస్తున్నదా?

రత్నమణి.


చిన్నవంకపల్లె,
10 నవంబరు 1996.

రత్నమణికి,

గుడికి కొత్త కప్పు వేశారు. అయ్యగారు నాకు బల్ల నిలిపేశాడు. సంఘంలో నెమ్మది చెడగొట్టానట. పోయిన ఆదివారం పళ్ళెం నా దగ్గరికి రాకుండా నా మీదుగా పోయింది. ఇంతకు ముందు నేను వదిలేశాను, ఇప్పుడు వాళ్ళు వదిలేశారు. యేసమ్మ నా ముందు వరసలో ఉంది. ఆమె కూడా తీసుకోలేదు. లేచి బయటికి పోయింది. ఆమె కొళాయి దగ్గర జైబున్నీసాతో ఇప్పటికీ మాట్లాడదు, కాని బిందె తన్నడం లేదు. జీపు రోజూ గని పక్కగా పోతోంది. ఆగడం లేదు. ఆగే రోజు ఆగుతుంది.

బుధవారం కమాల్ బాషా గనికి వచ్చాడు. లారీ లేదు, నడిచి వచ్చాడు. సలాం చెయ్యలేదు. "యాడ కూర్చోనుంటివి" అని అడిగాడు. రాళ్ళ కుప్ప చూపించాను. "వాడు యాడ పడె?" అన్నాడు. చూపించాను.

అతను కుప్ప దగ్గరికి పోయి నేను కూర్చున్న చోట కూర్చున్నాడు. లేచాడు. అక్కడి నుంచి సామ్యూల్ పడిన చోటికి నడిచాడు. పైకే లెక్కపెట్టుకుంటూ నడిచాడు.

"నలభై" అన్నాడు. నా వైపు తిరిగాడు.

"జైల్లో రోజూ అనుకుంటాంటి మామా. ఎవురో ఒకరు చూసే ఉంటారు, శానా దూరం నుంచి చూసుంటారు, ఎవురో గుర్తుపట్టలేక చెప్పలేదేమోలే అని. నలభై అడుగులు."

నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. అడగని మాట ఇస్తే తీసుకునే మొహం అంతకన్నా లేదు.

అతను పోయిన తర్వాత నేనూ కుప్ప దగ్గర నుంచి నడిచి చూశాను. నా ముసలి కాళ్ళకు యాభై రెండు పట్టింది.

ప్రార్థన వస్తున్నదా అని అడిగావు. రావడం లేదు. పొద్దున పని మొదలుపెట్టే ముందు కుప్ప వెనక నుంచి లేచి సామ్యూల్ పడిన చోటి దాకా నడుస్తున్నాను. అక్కడ నిలబడతాను. మాటలేమీ ఉండవు. వాడు పిలిచినప్పుడు రావలసిన దారి అది. రోజూ వస్తున్నాను.

పాలయ్య.